చల్లని చాక్లెట్ పొడి: సరుకు మంచిదే, ప్యాకెట్ మీది పద్ధతితోనే చిక్కు

వేసవిలో భోజనం తరువాత ఐస్‌క్రీముకు బదులుగా, గ్లాసులో పోసుకుని చెంచాతో తినగలిగేటంత చిక్కగా గడ్డకట్టిన చాక్లెట్ పానీయం చేసుకుందామని, అందుకోసమే అమ్మే ఒక పొడిని కొని రెండు వారాలుగా వాడుతున్నాను. పొడి గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ప్యాకెట్ వెనుక అచ్చువేసిన పద్ధతి గురించి మాత్రం చెప్పవలసింది చాలానే ఉంది.

ఆ పద్ధతి ప్రకారం ఒక గ్లాసు చల్లని పాలు, మూడు చెంచాల పొడి, గిన్నెడు ఐసు ముక్కలు మిక్సీలో వేసి ఒక నిమిషం తిప్పాలి. మొదటిసారి తు.చ. తప్పకుండా అలాగే చేశాను. మూత తీసి చూస్తే నురగ మీద తడవని కోకో మరకలు తేలుతున్నాయి, మిక్సీ జారు అంచుకు చిన్న చిన్న ఉండలు అంటుకున్నాయి. ఒక ఉండను వేళ్లతో నలిపితే లోపల పొడి పొడిగానే ఉంది. కోకోలో కొవ్వు ఉంటుంది. కొవ్వు తగ్గించిన రకాలలో సైతం 10 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. ఆ కొవ్వు పూర్తిగా కరగాలంటే సుమారు 34 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి కనుక, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలో వేసిన కోకో సరిగా తడవకపోవడంలో వింత లేదు.

ఇక ఐసు. అయిదు నిమిషాలు గడిచేసరికి గ్లాసులో పైన చప్పటి ఐసు రవ్వ, అడుగున పలుచని చాక్లెట్ పాలు వేరుపడ్డాయి. స్ట్రాతో తాగేవారికి రుచి అంతా ముందే అయిపోయి, చివరికి నమలడానికి ఐసు మాత్రమే మిగులుతుంది.

రెండుసార్లు అలా పాడుచేసుకున్నాక పద్ధతి మార్చాను. అరగ్లాసు వేడి పాలలో అదే పొడిని, చిటికెడు ఉప్పును వేసి ఉండలు లేకుండా గిలకొట్టి, చల్లారాక ఐసు ట్రేలో పోసి రాత్రంతా ఫ్రీజరులో ఉంచాను. చక్కెర కలిసిన నీరు మామూలు నీటి కంటే తక్కువ ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుంది కాబట్టి, ఈ ముక్కలు రాయిలా బిగుసుకోలేదు. చెంచా మొనతో నొక్కితే గుంట పడింది. వాటిని మరో అరగ్లాసు చల్లని పాలతో కలిపి, మిక్సీని ఆపి ఆపి తిప్పితే సరిపోయింది (ఆపకుండా తిప్పితే రాపిడి వేడికే సగం కరిగిపోతుంది). ఈసారి గ్లాసులో నిలబెట్టిన చెంచా వెంటనే పడిపోకుండా నెమ్మదిగా పక్కకు వాలింది. కరిగినకొద్దీ అందులో కలిసేది చాక్లెట్ పాలే గనుక, చివరి చెంచా వరకు రుచి పలుచబడలేదు.

తీపి విషయంలో తయారీదారును తప్పుపట్టలేను. పదార్థాల పట్టికలో చక్కెర మొదట ఉండడం చూసి ముందు ముఖం చిట్లించిన మాట నిజమే, పైగా వేడిగా రుచి చూసినప్పుడు మొహం మొత్తింది కూడా. అయితే బాగా చల్లబడిన పదార్థంలో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. గడ్డకట్టాక అదే తీపి సరిగ్గా కుదిరింది. కోకో ఘాటు మాత్రం చాలలేదు. నేను చక్కెర లేని కోకో ఒక చెంచా అదనంగా కలుపుతున్నాను. ప్యాకెట్ నోరు మళ్లీ మూసుకునే వీలు లేకపోవడం మరో చిరాకు. తేమ తగిలితే పొడి గట్టిపడుతుంది కనుక సీసాలోకి మార్చుకోవడం మేలు.

ఇంట్లో ఉన్న కోకో, చక్కెరలతోనే ఇది చేసుకోలేమా అన్న సందేహంతో ఒకసారి అదీ చేసి చూశాను. రుచిలో ఇంటిదే ఒక మెట్టు పైన ఉంది, కానీ పది నిమిషాలకే నీరు వదిలింది. పొడితో చేసినది, అందులో కలిపిన గ్వార్ గమ్ (చిక్కదనం కోసం వేసే గోరుచిక్కుడు గింజల పొడి) వల్ల కాబోలు, ఇంకా చాలాసేపు చిక్కగా నిలిచింది. ఒక్కరికి చేసుకుని వెంటనే తినేటప్పుడు ఈ ప్యాకెట్ అక్కరలేదు. నలుగురికి పోసి, అందరూ కూర్చునేదాకా గ్లాసులు ఆగవలసి వచ్చే రోజుకే దీన్ని కొంటాను.