రోడ్డుకు పోగా మిగిలిన భూమి: పాత రైతుకా, వేలానికా?

రోడ్డు కోసం తీసుకున్న భూమంతా రోడ్డు కిందికి పోదు. అలైన్‌మెంట్ (రోడ్డు వెళ్లే గీత) మారుతుంది, వంపు దగ్గర ముక్క మిగులుతుంది, ఒక్కోసారి రోడ్డే ఆగిపోతుంది. ఆ మిగులు ఎవరికి చెందాలి?

ఇప్పటి కేరళలో 1952లో ఒక జాతీయ రహదారికి 1 ఎకరా 94 సెంట్లు సేకరించారు. 1955లో రోడ్డు పూర్తయింది, పట్టింది 80 సెంట్లే. మిగతాది ఆనాటి పరిహారం రేటుకే పాత యజమానికి ఇచ్చేయాలని ప్రభుత్వం చూసింది. 1997లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మరో ప్రజావసరం ఉంటే దానికి వాడండి, లేకపోతే బహిరంగ వేలం వేయండి, అంతేగానీ పాత యజమానికి అమ్మొద్దు అంది. పాత రేటుకు ఇవ్వడమంటే ఖజానా సొమ్మును అడ్డికి పావుశేరుగా పంచడమే, అక్కడివరకు నాకూ సమ్మతమే. కానీ వేలంలో ఉన్న ఇబ్బంది వేరు. ఇష్టం లేకపోయినా భూమి వదులుకున్న రైతు, పక్కనే పెరిగిన ధర చూస్తూ, తన పొలాన్ని ఎవరో రియల్టర్ పాడుకుంటుంటే నిలబడి చూడాలి.

ఈ చిక్కుకు బ్రిటన్ 1954లో ఒక దారి వెతుక్కుంది. డోర్సెట్‌లోని క్రిచెల్ డౌన్‌లో 725 ఎకరాలను 1938లో బాంబుల సాధనకని వైమానిక శాఖ కొన్నది. యుద్ధం అయ్యాక అది వ్యవసాయ శాఖ చేతికి వెళ్లింది గానీ పాత యజమానుల వారసులకు దక్కలేదు. గొడవ ముదిరి మంత్రి థామస్ డగ్డేల్ రాజీనామా చేశారు. అప్పటినుంచి వచ్చిన క్రిచెల్ డౌన్ నియమాలు రోడ్ల భూములకూ వర్తిస్తాయి: భూమి స్వరూపం పెద్దగా మారకపోతే మొదట పాత యజమానినే అడగాలి, అయితే ఈనాటి మార్కెట్ ధరకు. ఖజానాకు నష్టం లేదు, మొదటి అవకాశం రైతుదే. లోటు ఒక్కటే: ఆ ధర పెట్టగల రైతులు ఎందరు?

కాలిఫోర్నియాది మాత్రం తొక్కకూడని దారి. లాస్ ఏంజెలెస్ దగ్గర 710 ఫ్రీవేను పసడీనా దాకా పొడిగించాలని రాష్ట్ర రవాణా శాఖ నాలుగు వందలకు పైగా ఇళ్లు కొన్నది. రోడ్డు రాలేదు, 2018లో ఆ ఆలోచనే వదిలేశారు. అమ్మితే ఎవరికి ముందు అమ్మాలో 1979లోనే చట్టం చేశారు: ఇంకా ఆ ఇంట్లోనే ఉంటున్న పాత యజమాని, తర్వాత తక్కువ ఆదాయపు అద్దెదారులు, వాళ్లకు అందుబాటు ధరకు. చదవడానికి ఇంతకంటే మంచి వరుస లేదు. కానీ నలభై ఏళ్లకూ చాలా ఇళ్లు అమ్ముడుపోలేదు. 2020 మార్చిలో ఆ దారిలోని ఎల్ సెరెనో పేటలో ఇల్లు లేని కుటుంబాలు తాళం వేసి ఉన్న ఇళ్లలోకి వెళ్లి కూర్చున్నాయి. వరుస రాసినవాళ్లు గడువు బిగించలేదు.

నా ఓటు బ్రిటన్ పద్ధతికే, గడువుతో సహా. దానికి మన 2013 భూసేకరణ చట్టంలోని 102వ సెక్షన్‌ను జోడించాలి: అభివృద్ధి చేయకుండా భూమిని మరొకరికి అమ్మితే పెరిగిన విలువలో 40 శాతం పాత యజమానులకు పంచాలంటుంది. కొనే స్తోమత లేని రైతుకు అదే ఆసరా. మూడు నాలుగు సెంట్ల త్రికోణపు ముక్కలకు ఈ హంగామా అక్కర్లేదు, పక్క పొలం వాడికి అమ్మితే సరి. దారే లేని ముక్కను వేలంలో ఎవరు పాడతారు?

అదే చట్టంలోని 101వ సెక్షన్ ఐదేళ్లు వాడని భూమిని పాత యజమానికో, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకో (వాడని భూములను ప్రభుత్వం తన చేతిలో ఉంచుకునే ఖాతా) చేర్చమంటుంది. ఆ రెండు 'కో'ల్లో ఏదో ఎంచుకునేది ప్రభుత్వమే. పైగా 2013 చట్టం తనకు మినహాయింపుగా పెట్టిన చట్టాల జాబితా, అంటే దాని నాలుగో షెడ్యూలులో, 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ఉంది కాబట్టి, పరిహారం, పునరావాసం లాంటివి తప్ప ఈ సెక్షన్లు దానికి అంటవు. హైవేకు పొలం ఇచ్చినవాళ్లు 101 పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేముందు తమ నోటిఫికేషన్ కాగితం తీసి చూసుకోవాలి. దాని మీద 3డి (భూమి సేకరిస్తున్నట్టు ప్రకటించే సెక్షన్) అని ఉంటే అది 1956 చట్టం కిందిది.