వెయ్యికి అటూ ఇటూ: ఒక్క ట్యాంకుతో మూడు రోజులు

పెట్రోలు ఇంజనూ, బ్యాటరీతో తిరిగే మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ కారు కొన్నవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు పుట్టే కోరికే మాకూ పుట్టింది. ట్యాంకు ఒక్కసారి నింపి, మళ్లీ బంకు ముఖం చూడకుండా ఎంత దూరం పోగలమో తేల్చుకోవాలని నేనూ మా తమ్ముడూ మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాం. మా కారు ట్యాంకు 45 లీటర్లది. ఇది బయటినుంచి చార్జింగ్ పెట్టే రకం కాదు. ఇంజను నుంచీ, బ్రేకు వేసినప్పుడు చక్రాల నుంచీ వచ్చే శక్తితోనే బ్యాటరీని నింపుకుంటుంది. మొదటి రోజు చదునైన హైవే, రెండో రోజు ఘాట్ రోడ్డు, మూడో రోజు కొండ దిగి ఒక పెద్ద నగరం మధ్య నుంచి బయలుదేరిన బంకుకే తిరిగి రావడం మా పథకం. కారు ఎలా నడిపితే పెట్రోలు మిగులుతుందో ముందే చదువుకొని బయలుదేరాం గానీ, రాత్రి బస ఎక్కడన్నది కూడా మైలేజీ లెక్కలోకి వస్తుందని మాత్రం దారిలోనే తెలిసింది.

ఇలాంటి పరీక్షలో మొదటి తప్పు బంకులోనే జరుగుతుంది. పైపు మూతి చివర ఒక సన్నని రంధ్రం ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు పైకి వచ్చి ఆ రంధ్రాన్ని మూయగానే పంపు దానంతటదే ఆగిపోతుంది. అలా మొదటిసారి ఆగిన చోటే మేమూ ఆపాలి, తిరిగి వచ్చాక కూడా అదే పంపు దగ్గర, కారును అదే వైపుకు నిలిపి, అక్కడే ఆపాలి. బంకులోని కుర్రాడు మర్యాదగానే "ఇంకొంచెం పడుతుంది సార్" అంటూ మళ్లీ మీట నొక్కబోయాడు. వద్దని చెప్పడానికి కాస్త కష్టపడవలసి వచ్చింది. అలా కుక్కి నింపితే లెక్క చెడడమే కాదు, ట్యాంకులోని ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి ద్రవరూపంలోనే పెట్రోలు చేరి అది పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. అక్కడి గాలి యంత్రం మాత్రం నమ్మదగినది కాదు. ఒకే టైరుకు రెండుసార్లు పెడితే రెండు అంకెలు చూపించింది. మా వెంట సొంత గేజి ఉండబట్టి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే సరిచూసుకున్నాం.

మొదటి రోజు 402 కిలోమీటర్లు నడిపాం. వేగం 80 దాటనివ్వలేదు. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 80 నుంచి 100కు వెళితే ఆ భారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. హైవే మీద హైబ్రిడ్ గొప్పతనం పలచబడేది అక్కడే. ఆగడం, కదలడం లేని దారిలో బ్రేకుల నుంచి తిరిగి రాబట్టేది దాదాపు ఏమీ ఉండదు, కారు ప్రధానంగా ఇంజను సామర్థ్యం మీదే బతకాలి. 1997లో వచ్చిన టొయోటా వారి తొలి హైబ్రిడ్ కారు ప్రియస్ నుంచీ ఈ కార్లలో ఎక్కువగా, బలం కాస్త తగ్గినా తక్కువ పెట్రోలుతో ఎక్కువ పని రాబట్టే అట్కిన్సన్ పద్ధతి ఇంజన్లే వాడుతున్నది ఈ అవసరం కోసమే. సాయంత్రానికి కారు తెర మీద లీటరుకు 27.4 కిలోమీటర్లు కనిపించింది.

ఆ రాత్రి కొండల పాదం దగ్గర, హైవేను ఆనుకునే ఉన్న లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు అడగగానే వచ్చాయి, కానీ కిటికీ రోడ్డు వైపు ఉండడంతో తెల్లవార్లూ లారీల మోత వింటూనే ఉన్నాం. నిద్ర కోసమైతే ఆ చోటును ఎవరికీ చెప్పను. మా పరీక్షకు మాత్రం అంతకంటే మంచి చోటు దొరకదు: గది ముందే సమతలమైన పార్కింగ్, ముందుకూ వెనక్కూ తిప్పే పని లేకుండా నేరుగా రోడ్డెక్కే దారి.

రెండో రోజు 168 కిలోమీటర్లే నడిపినా పెట్రోలు బాగా తాగింది. ఎక్కుడు మొదలైన కొద్దిసేపటికే తెర మీద బ్యాటరీ నిల్వ చూపే గీతలు రెండుకు పడిపోయి, ఇంజను ఒక్కటే అరుస్తూ మోసింది. ఆ రోజు సగటు 19.8 దగ్గర ఆగింది. కొండ మీది అతిథి గృహం చూడముచ్చటగా ఉంది, సిబ్బంది సామాన్లు మోయడం దగ్గర నుంచి ప్రతి పనికీ నవ్వుతూ వచ్చారు. మాకు ఎదురైన ఒకే ఒక్క ఇబ్బంది కూడా వాళ్ల మంచితనం వల్లనే జరిగింది. కారు మేమే పెట్టుకుంటామన్నా వినకుండా తాళం తీసుకున్న పార్కింగ్ కుర్రాడు, చప్పుడు లేదు కనుక బండి ఆగిపోయిందనుకొని, బటన్ నొక్కకుండానే దిగి వెళ్లిపోయాడు. ఏసీ నడుస్తూనే ఉంది. ముప్పావు గంట తరువాత బ్యాటరీ తగ్గి, చీకట్లో మనిషి లేని కారులో ఇంజను దానంతటదే మొదలయ్యేసరికి కాపలాదారు బెదిరిపోయి మా గది తలుపు బాదాడు. తమ్ముడు నోటుపుస్తకంలో 'దయ్యం తాగిన పెట్రోలు' అని ఒక గీత గీశాడు. హైబ్రిడ్‌ను ఇతరుల చేతికి ఇచ్చేటప్పుడు, తెర మీద రెడీ అన్న అక్షరాలు ఆరిపోయేదాకా పక్కనే నిలబడడం మంచిది.

అసలు నష్టం తెల్లవారాక తెలిసింది. రాత్రి చలికి ఇంజను పూర్తిగా చల్లబడింది. బ్యాటరీలో శక్తి ఉన్నా, పొగగొట్టంలో ఉండి పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టరు వేడెక్కేదాకా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. అంటే బొట్టు పెట్రోలు అవసరం లేని దిగుడు దారిలో పెట్రోలు మండిస్తూ దిగాం. పైగా లోపలికి వెచ్చదనం ఇచ్చేది ఇంజను వేడే కనుక, హీటరు వేస్తే ఇంజను మరింతసేపు ఆగదు. నేను హీటరు కట్టేశాను. "లెక్క కోసం నన్ను గడ్డకట్టిస్తావా అన్నయ్యా?" అని తమ్ముడు శాలువా కప్పుకున్నాడు.

దిగుడులో వచ్చే శక్తినంతా దాచుకోవచ్చనుకోవడం కూడా మా భ్రమే. సుమారు 1,500 కిలోల కారు 800 మీటర్ల ఎత్తు దిగితే 3 కిలోవాట్ అవర్లకు (కరెంటు బిల్లులోని యూనిట్లకు) పైగా శక్తి విడుదలవుతుంది. గాలీ, టైర్లూ కొంత తినేసినా మిగిలేది తక్కువేమీ కాదు. కానీ ఇలాంటి కార్ల బ్యాటరీ మొత్తం సామర్థ్యమే సాధారణంగా ఒకటి, ఒకటిన్నర కిలోవాట్ అవర్ల దగ్గర ఉంటుంది, అందులోనూ వాడుకకు వదిలేది కొంత భాగమే. సగం కొండ దిగకముందే గీతలన్నీ నిండిపోయాయి. ఆపైన కారు ఇంజనును ఊరికే తిప్పుతూ వేగాన్ని అదుపు చేసుకుంది. కింది లాడ్జిలోనే రెండు రాత్రులూ ఉండి, వేడి ఇంజనుతో పగలే కొండ ఎక్కి దిగి ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పేది. కాకపోతే కొండ మీది ఆ సూర్యోదయం కూడా తప్పిపోయేది, అందుకు నేను ఒప్పుకోను.

నగరంలో 14 కిలోమీటర్లకు యాభై నిమిషాలు పట్టింది. మామూలు కారులోనైతే మైలేజీకి గండి పడే చోటు అది. మాకు మాత్రం సగటు పడకపోగా కొద్దిగా పెరిగింది. దొర్లుతూ, ఆగుతూ పోతుంటే ఇంజను చాలాసేపు నిద్రలోనే ఉంది.

బయలుదేరినప్పటి నుంచి ఓడోమీటరు లెక్కలో 931 కిలోమీటర్లు నిండినప్పుడు రిజర్వు లైటు వెలిగింది, ఇంకా 75 కిలోమీటర్లు వస్తుందని తెర చెప్పింది. 2024లో చైనాకు చెందిన బీవైడీ కంపెనీ తన కొత్త కార్లకు 2,100 కిలోమీటర్లు ప్రకటించిందని తమ్ముడు ఉడికించాడు. అవి బయట చార్జింగ్ పెట్టుకునే ప్లగిన్ హైబ్రిడ్లు, ఆ అంకె నిండు ట్యాంకుతో పాటు నిండు బ్యాటరీకి కూడా చెప్పినది, కనుక పోటీ పెట్టడం న్యాయం కాదు. బంకు ఇంకా 6 కిలోమీటర్లు ఉందనగా తెర మీద సున్నా పడింది. నా అరచేతులు తడిశాయి, బండి మాత్రం మామూలుగానే సాగింది.

అదే పంపు దగ్గర, మొదటిసారి ఆగిన చోట 41.3 లీటర్లు పట్టాయి. అంటే సున్నా చూపాక కూడా అడుగున మూడున్నర లీటర్లకు పైగానే ఉంది. దాన్నీ తాగించి చూద్దామన్న ఆలోచన మాకు రాలేదు. ట్యాంకులో ఉండే పెట్రోలు పంపు చల్లబడేది చుట్టూ ఉన్న ఆ పెట్రోలుతోనే. 1,012 కిలోమీటర్లను 41.3తో భాగిస్తే లీటరుకు 24.5 వచ్చింది, తెర మాత్రం 26.1 అని గొప్పలు చెప్పుకుంది.

నేను నాలుగంకెల సంబరంలో ఉండగా, తమ్ముడు తన ఫోను తీసి జీపీఎస్ లెక్క చూపించాడు: 998. ఓడోమీటరు కాస్త ఎక్కువ చెబుతోందని వాడు, ఘాట్ మలుపుల్లో ఫోనే అడ్డదారి తొక్కిందని నేను. నోటుపుస్తకంలో రెండూ పక్కపక్కనే రాసుకున్నాం.