వెళ్తున్నాను, పోతున్న: ఏ డైలాగ్ ఎక్కడ?

హీరోయిన్ బస్సెక్కే ముందు "వెళ్తున్నాను" అంటే ఒక సీను, తెలంగాణ యాసలో "పోతున్న" (పోతున్నాను) అంటే పూర్తిగా వేరే సీను. వరంగల్ నుంచి వచ్చిన నా రూమ్మేట్‌ని వాళ్లమ్మ ప్రేమగా "పైలంగ (జాగ్రత్తగా) పో బిడ్డా" అని సాగనంపుతుంది, గుంటూరువాడినైన నాకేమో 'పో' అంటే కసురుకున్నట్టే, అందుకే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా చూసి, అందులో 'పోతున్న' అన్న అమ్మాయి అలిగి వెళ్లిందా లేదా అని చిక్కడపల్లి దాకా వాదించుకున్నాం.

పాటలో తేడా ఇంకా పెద్దది. ఛందస్సు లెక్కన 'వెళ్తున్నాను'కి 7 మాత్రలు (పలకడానికి పట్టే కాలానికి కొలత), 'పోతున్న'కి 5. మిగిలిన చోట్లో ఇంకో చిన్న మాట పడుతుంది. పైగా పుస్తకాల తెలుగుకి అలవాటైన చెవికి 'పోతున్న' తర్వాత ఏదో రావాలి (పోతున్న రైలు, పోతున్న ప్రాణం), కాబట్టి మాట మధ్యలో ఆగినట్టు ఉంటుంది, వీడ్కోలు పాటకి అది భలే కుదురుతుంది.

ఒకప్పుడు ఈ యాసని ఎక్కువగా విలన్లకీ కమెడియన్లకీ ఇచ్చేవాళ్లు, అది అన్యాయం. 2017లో 'ఫిదా' హీరోయిన్ అదే యాసలో ప్రేమా కోపమూ రెండూ పలికింది.

ఆఫీసు సీన్‌కి 'వెళ్తున్నాను' సరిపోతుంది. ఇల్లు వదిలే సీన్‌కి మాత్రం, గుంటూరువాడినే అయినా, నా ఓటు 'పోతున్న'కే.