బారువలో స్కూబాకి అడ్వాన్సు పంపే ముందు ఇది చదవండి

1917లో మునిగిపోయిన చిల్కా ఓడను నీళ్ళలోకి దిగి చూద్దామని మొన్న అక్టోబరులో నేనూ మా బావమరిదీ శ్రీకాకుళం నుంచి బారువ వెళ్ళాం. అక్కడ స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి కింద ఈదడం) చేయించేవాళ్ళతో ఫోనులో మాట్లాడి ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలు ముందే పంపేశాం. రసీదు అడిగితే వాట్సాప్‌లో "ఓకే సార్" అన్నారంతే.

వాళ్ళు పంపిన వీడియోలో నీరు నీలంగా, అద్దంలా ఉంది. తాబేలు గ్యారంటీ అన్నారు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. అక్టోబరులో గ్యారంటీ ఎలా ఇస్తారు? పైగా వానలకు మహేంద్రతనయ నది మోసుకొచ్చే బురదంతా బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన "ఇయ్యాల నీరు కలక బాబూ, లోపల ఏటీ కనపడదు" అని చెప్పనే చెప్పాడు.

నీరు కలకగా ఉంటే అది ఎవరి తప్పూ కాదు. నా బాధ వేరే. ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, జలుబు చేసిందా అని ఒక్క మాట అడగలేదు. ఏ ఫారమూ నింపించలేదు. మా వాడికి అప్పటికే జలుబు. జలుబుతో దిగితే చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం కష్టం, కర్ణభేరి దెబ్బతినవచ్చు. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలని కూడా చెప్పలేదు. ఊపిరి బిగబట్టి పైకి రాకూడదనీ చెప్పలేదు. అలా వస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. ఇది ప్రాణాలకు సంబంధించిన మాట, అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే.

సిలిండరులో గాలి ఒత్తిడి చూపే గేజ్ చూసుకోమని డైవింగ్ నేర్చుకున్న ఒక మిత్రుడు ముందే చెప్పి ఉండడంతో బోటులో నా సిలిండర్ చూశాను. 70 బార్! నిండు సిలిండరులో దాదాపు 200 ఉండాలి, 50కి దిగేసరికి మనం పైకి వచ్చేయాలి. ముందు బ్యాచ్ వాడిన సిలిండరే నాకు తగిలించారన్నమాట. నిలదీస్తే బోటులో ఉన్న వాళ్ళ మనిషి "పది నిమిషాలకి చాలు సార్" అన్నాడు. నేను దిగనన్నాను. మా వాడు మాత్రం అప్పటికే నీళ్ళలో ఉన్నాడు.

బొటనవేలు పైకెత్తితే డైవింగ్‌లో 'బాగుంది' అని కాదు, 'పైకి తీసుకెళ్ళు' అని అర్థం. ఆ సైగ కూడా మాకు నేర్పలేదు. కలక నీటిలో చెవి పట్టుకుని గింజుకుంటే గానీ వాడి నొప్పి వాళ్ళకి అర్థం కాలేదు. పైకి వచ్చాక చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు వారాలు మందులు వాడాడు, ఆ రోజుల్లో ఇంట్లో వాళ్ళకి ఎంత టెన్షనో చెప్పలేను.

ఒడ్డున వాళ్ళ కుర్రాడొకడు పగడపు ముక్క చూపించి అయిదు వందలకి ఇస్తానన్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది. అవి కొనకండి, కొన్నవాళ్ళూ చిక్కుల్లో పడతారు.

ఎవరి దగ్గరికి వెళ్ళినా ట్రైనర్ సర్టిఫికెట్ చూడండి, బోటు ఎక్కే ముందు గేజ్ మీ కళ్ళతో చూసుకోండి, డబ్బు ఒడ్డున చేతికివ్వండి. నా డబ్బు ఇంకా రాలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. పోయిన వారం అదే నీలం నీళ్ళ వీడియో విజయనగరం జిల్లా చింతపల్లి బీచ్ పేరుతో మా ఆఫీసు కుర్రాడికి వచ్చింది. కింద ఫోన్ నంబరు కూడా అదే.