రింగుల జుట్టుకు కొన్నేళ్లుగా నేను వాడుతున్నవి

రింగుల జుట్టుతో అమెరికాలో ఉంటున్న తెలుగు ఆడవాళ్లకి నేను చెప్పేది ఒకటే. షాంపూ, కండిషనర్ కొనేటప్పుడు నల్లజాతి వాళ్ల సొంత కంపెనీలవి ముందు చూడండి. అట్లాంటాలో ఉంటూ కొన్నేళ్లుగా నేను అవే వాడుతున్నాను. పొడిబారి, చిక్కులు పడి, కాస్త ఉక్కపోతకే పొంగిపోయే జుట్టు గురించి వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఎక్కువగా వాడింది పాటర్న్ బ్యూటీ. నల్లజాతి నటి ట్రేసీ ఎల్లిస్ రాస్ 2019లో పెట్టిన కంపెనీ. ఉల్టా అనే సౌందర్య సాధనాల షాపుల్లో దొరుకుతుంది. రింగులు ఎంత బిగుతుగా ఉంటే అంత చిక్కటి కండిషనర్ ఉంటుంది: మీడియం, హెవీ, ఇంటెన్సివ్. మనవాళ్లలో చాలామందికి మీడియం చాలు. వారానికోసారి వాళ్ల హైడ్రేషన్ షాంపూతో తలంటుకుని, తడి తల మీదే కండిషనర్ ధారాళంగా పట్టించి, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి చిక్కు తీస్తాను. కడిగేశాక లీవ్-ఇన్ (మళ్లీ కడగకుండా జుట్టుకే వదిలేసే కండిషనర్) రాసి, పాత కాటన్ టీషర్టుతో ఒత్తుతాను. తువ్వాలుతో రుద్దితే పడిన శ్రమంతా పోతుంది. వీటితో జుట్టు కొత్తగా పెరుగుతుందని ఆశ పెట్టుకోవద్దు. తెగడం తగ్గుతుంది, అందుకే పొడవు నిలుస్తుంది. నాకు అలాగే జరిగింది. జూలై ఉక్కలో కూడా రింగులు విడిపోవడం లేదు. మామూలు షాంపూల కంటే ధర ఎక్కువే. అయినా నేను మానలేదు.

నాకు బాగా నచ్చిన ఇంకొకటి జమైకన్ బ్లాక్ కాస్టర్ ఆయిల్. ఆముదం గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనె తీస్తారు. మన ఊళ్లలో అమ్మమ్మలు వంటాముదం తీసే పద్ధతి కూడా అచ్చం ఇదే! ఆ కమురు వాసన తగలగానే అదంతా గుర్తొచ్చింది. రాత్రి కొద్దిగా కొసలకు రాసుకుంటే చాలు.

వారాంతపు సంతలో ఒకావిడ సొంతంగా చేసి అమ్మే షియా బటర్ (ఆఫ్రికా షియా గింజల నుంచి తీసే కొవ్వు) క్రీమ్ కూడా వాడాను. ఎండకి కరిగి మళ్లీ నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు రవ్వరవ్వగా అయ్యేది. షియా గుణమే అంత, అరచేతిలో రుద్దితే కరిగిపోతుంది. ఆర్డరు మాత్రం చెప్పిన రోజుకి వచ్చేది కాదు. ఒక్క మనిషే కలిపి, నింపి, ప్యాక్ చేసి పంపుతున్నప్పుడు ఆ మాత్రం ఆగగలను.

ఈ వ్యాపారం వెనక పెద్ద కథే ఉంది. సెయింట్ లూయిస్‌లో యానీ మలోన్ అనే నల్లజాతి ఆవిడ జుట్టు మందుల కంపెనీ నడిపింది. ఆమె దగ్గర ఏజెంటుగా పనిచేసిన శారా బ్రీడ్‌లవ్ తర్వాత మేడమ్ సి.జె. వాకర్ పేరుతో సొంత వ్యాపారం పెట్టి, 1910లో ఇండియానాపొలిస్‌కు మారి ఫ్యాక్టరీ కట్టింది. బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు 1867లో పుట్టిన మనిషి ఆవిడ. వేలాదిమంది నల్లజాతి ఆడవాళ్లకు సంపాదన చూపించింది. లీసా ప్రైస్ 1993లో బ్రూక్లిన్‌లో ఇంట్లో కలిపి అమ్మిన క్రీములే కరోల్స్ డాటర్ అనే కంపెనీ అయ్యాయి. 2014లో దాన్ని లోరియల్ కొంది. 2014లోనే మొదలైన మియెల్ అనే ఇంకో నల్లజాతి వాళ్ల కంపెనీని 2023లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కొంది. కష్టపడి కట్టినవాళ్లు అమ్ముకుంటే తప్పు పట్టను, అది వాళ్ల ఆస్తి. నేను మాత్రం కంపెనీ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చూసుకునే కొంటాను.

మనకి ఇందులో ఇంకో సంబంధం ఉంది. తిరుమల కల్యాణకట్టలో సమర్పించిన తలనీలాలను టీటీడీ వేలం వేస్తుంది. భారతదేశం నుంచి వెళ్లే పొడవాటి జుట్టు విగ్గులుగా, ఎక్స్‌టెన్షన్లుగా మారి అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ల తలల మీదకి చేరుతుంది. కానీ అవి అమ్మే బ్యూటీ సప్లై షాపుల్లో ఎక్కువ భాగం కొరియన్ అమెరికన్లవి. కొనే నల్లజాతి వాళ్ల చేతిలో మాత్రం ఆ వ్యాపారంలో చాలా చిన్న వాటాయే ఉంది. ఇది తెలిశాక, నల్లజాతి వాళ్ల సొంత షాపు దారికి కాస్త దూరమైనా అక్కడికే వెళ్తున్నాను. అక్కడ కౌంటర్ దగ్గర నిలబడ్డావిడ నా కొసలు పట్టుకుని చూసి, ప్రోటీన్ ఉన్నవి కొన్నాళ్లు ఆపమంది. ఆపాక జుట్టు మెత్తబడింది.

కొత్తవాళ్లు లీవ్-ఇన్ చిన్న సీసాతో మొదలుపెట్టండి. సాఫీ జుట్టున్నవాళ్లు కొనకండి, తల బరువుగా, జిడ్డుగా అనిపిస్తుంది. పిల్లలకి రింగులుంటే, దువ్వేటప్పుడు ఏడవకుండా ఉండటానికి తడి మీద కండిషనర్ పెట్టి చిక్కు తీసే పద్ధతి ఒక్కటైనా పాటించండి.