పెన్సిలా, కాగితం కోతా, లినో అచ్చా: దూది తెలుపుని పట్టడానికి ఏది మేలు?

పోయినేడు దసరా సెలవలకి బందరు వెళ్లేసరికి నానమ్మ వరండాలో చాప వేసుకుని కార్తీక పౌర్ణమి వత్తులు మొదలుపెట్టేసింది. వెలిసి తెల్లబడ్డ నేతచీర, నెరిసిన జుట్టు, ఒళ్లో దూది. పక్కన చిన్న గిన్నెలో విభూతి. వేళ్లకి కాస్త విభూతి అద్దుకుని, దూదిపింజని సాగదీసి, ఎడమ అరచేతిలో పెట్టుకుని కుడిచేత్తో ఒక్కసారి నులిమి పళ్లెంలో వేసేది. రోజుకొకటి చొప్పున ఏడాదికి 365 చేయాలి. ఆ సెలవల్లోనే నేను పూర్తి చేయాల్సిన కాలేజీ పని ఒకటుంది. ఒకే దృశ్యాన్ని పెన్సిల్‌తో గీయాలి, కాగితంలో కోయాలి, లినో అనే మెత్తటి పలక మీద ఉలితో చెక్కి అచ్చు తీయాలి. దృశ్యం కోసం ఎక్కడికీ వెళ్లనక్కర్లేకుండా ఎదురుగానే కూర్చుని ఉంది.

ఈ మూడింట్లో ఏది మేలని మా ఫస్టియర్ పిల్లలు తరచూ అడుగుతారు. చేతిలో ఉన్న కొద్ది డబ్బు, హాస్టల్ మంచం పక్కనున్న కాస్త చోటు దేని మీద పెట్టాలన్నదే వాళ్ల టెన్షన్. నేను మూడూ చేశాను కాబట్టి తేల్చుకున్నది చెప్తాను. అన్ని కోణాల్లోనూ పోల్చలేదు. దూది తెల్లగా, మెత్తగా, బరువు లేకుండా ఉందన్న సంగతిని ఏ పద్ధతి బాగా చూపించిందో అదే ముఖ్యంగా చూశాను.

పెన్సిల్ బొమ్మలో తెలుపంటే మనం ముట్టుకోని కాగితం. కార్ట్రిడ్జ్ షీటు మీద 2బీ, 6బీ లాంటి మెత్తటి పెన్సిళ్లతో చుట్టూ నీడ వేసుకుంటూ వస్తే మధ్యలో దూది తనంతట తనే తేలాలి. అంచు చుట్టూ గీత గీశామో, దూది కాస్తా గులకరాయిలా అయిపోతుంది. నా మొదటి రెండు బొమ్మల్లో అదే జరిగింది. మూడోసారి గీత మానేశాను. 2బీని పక్కకి వంచి ఒళ్లంతా లేత నీడ పరిచి, పిండిముద్దలా నలిగే నీడబుల్ ఎరేజర్‌ని మొనలా నలిపి దూది ఉన్నచోట అద్దాను. రుద్దితే మసకబారి పాడవుతుంది, అద్దితే గ్రాఫైట్ దానికంటుకుని లేచొస్తుంది. ఒక్కో అద్దుకీ ఒక పోగు వెలుగు. ఆ మెత్తదనం మిగతా రెండు పద్ధతుల్లో నాకు రాలేదు. వస్తుందని కూడా అనుకోను.

కానీ పెన్సిల్ మనల్ని నిలదీయదు. నానమ్మ మోకాలి దగ్గర చీర మడతలు ఎటు తిరిగి ఎటు పోయాయో నాకు సరిగ్గా అర్థం కాలేదు. అక్కడ బూడిదరంగు నీడ వేసి దాటేశాను. చూసినవాళ్లందరూ బాగుందన్నారు, ఎవరికీ లోపం కనపడలేదు. నాకు మాత్రం ఆ మోకాలు ఇప్పటికీ కనిపిస్తుంది. అర్థం కానిదాన్ని నీడలో దాచే వీలు పెన్సిల్ ఇస్తుంది. నేర్చుకునే రోజుల్లో ఆ వీలు మంచిది కాదని నా నమ్మకం.

కాగితం కోతకి దిగగానే ఆ దారి మూసుకుపోయింది. నల్లటి మందపాటి షీటు, వెనక తెల్లకాగితం. కోసినచోట తెలుపు, వదిలినచోట నలుపు, మధ్యరంగు లేదు. మోకాలి మడత ఉందా లేదా ఇప్పుడు తేల్చాలి. లేచి వెళ్లి నానమ్మ పక్కన కూర్చుని మళ్లీ చూశాను. నీడ అనుకున్నది అసలు నీడే కాదు. చీర కింద నుంచి తొంగిచూస్తున్న లోపలి లంగా అంచు.

పనిముట్ల ఖర్చు తక్కువే. ఆపరేషన్లకి వాడే 11 నంబరు బ్లేడు, దానికి సరిపోయే 3 నంబరు హ్యాండిల్ సర్జికల్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. కింద కటింగ్ మ్యాట్ ఉంటే మంచిది. వంపు వచ్చినప్పుడు చేతిని తిప్పకుండా కాగితాన్ని తిప్పాలి. లోపలి చిన్నచిన్న కోతలు ముందు, బయటి అంచు చివర. మొన మొద్దుబారిందని అనుమానం వస్తే వెంటనే బ్లేడు మార్చేయాలి, లేకపోతే కోయదు, చింపుతుంది.

దీంట్లో అసలు కష్టం ఇంకోటి. నలుపంతా ఒకదానికొకటి అంటిపెట్టుకుని ఉండాలి. ఒళ్లోని దూదిని తెలుపుగా కోసేసరికి, దాని మధ్యలో ఉన్న నానమ్మ చెయ్యి దేనికీ అతక్కుండా ఊడి చాప మీద పడింది. మూడు గంటల పని. రెండోసారి పైటకొంగుని కాస్త కిందికి జార్చి మణికట్టుకి కలిపాను. ఆమె కూర్చున్న తీరులో కొంగు అక్కడ లేదు, నేనే తెచ్చి పెట్టాను. చిత్రంగా, కొంగు చేతిని పట్టుకున్నాక బొమ్మ మొత్తం ఒక్క ముద్దగా నిలబడింది. చూపు భుజం దగ్గర మొదలై కొంగు వెంట జారి వత్తి దగ్గరికి చేరుతోంది. పెన్సిల్ బొమ్మకి అంతకుముందు లేని కూర్పు అతుకు కోసం పడ్డ అవస్థలోంచి వచ్చింది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లకి ఈ లెక్క బాగా తెలుసు. నగలూ చీర అంచులూ తోలులో చిన్నచిన్న రంధ్రాలుగా పడతాయి. తెర వెనక దీపం పెడితే ఆ రంధ్రాల్లోంచి వెలుగు వచ్చి హారం మెరుస్తుంది. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఎంత తోలు మిగల్చాలన్నదే పనితనం. మథురలో సాంఝీ పేరుతో కృష్ణుడి బొమ్మలు కాగితంలో కోస్తారు, వాటి మీదుగా రంగుపొడి చల్లి ముగ్గులా దించుతారు. అక్కడా అతుకే ప్రాణం. నేను నా కోత బొమ్మని వెనక తెల్లకాగితం తీసేసి కిటికీకి ఆనించి చూశాను. దూది ఉన్నచోట నిజం ఎండ కూర్చుంది. అది అందంగానే ఉంది కానీ దూదిలా లేదు. అంచు మరీ పదును. కన్నం కన్నమే.

ఈ వరసలోనే కాగితం మడిచి తెరిస్తే లేచి నిలబడే పాపప్ కూడా ప్రయత్నించాను. 90 డిగ్రీలు తెరుచుకునే మడతలో వరండా, స్తంభం చక్కగా లేచాయి. మనిషి మాత్రం అట్టముక్కలా నిలబడింది. ఇళ్లకీ మెట్లకీ అది బాగుంటుంది, ఈ బొమ్మకి కాదు.

ఇక లినో. అవిసెనూనె గట్టిపడేలా చేసి, బెండు పొడి కలిపి, జనపనార గుడ్డ మీద పరిచి చేసే సరుకు అది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో నేల మీద పరచడానికి పుట్టింది, తర్వాత చిత్రకారుల చేతికొచ్చింది. చెక్కలా దీనికి పీచు ఉండదు కాబట్టి ఉలి ఎటు తిప్పితే అటు పోతుంది. చలికి బిగుసుకుంటే పది నిమిషాలు ఎండలో పెడితే చాలు, మెత్తబడుతుంది. బందరు ఎండకి అయిదు నిమిషాలే పట్టింది. చెక్కేటప్పుడు రెండో చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి. ఈ ఒక్కమాట మర్చిపోయిన రోజున నా ఎడమ చూపుడువేలికి రెండు కుట్లు పడ్డాయి.

పెన్సిల్లో వదిలేస్తే వచ్చే తెలుపు ఇక్కడ చెక్కితేనే వస్తుంది. చెక్కనిదంతా నల్లగా అచ్చుపడుతుంది. ఒక్కో దూదిపోగుకీ ఒక్కో ఉలిగీత. వి-ఆకారపు ఉలిని కొద్దిగా దించి, లోపలికి నొక్కి, మెల్లగా పైకి లేపితే పడే గీత రెండు చివరలా సన్నగా, మధ్యలో లావుగా ఉంటుంది. అచ్చం నానమ్మ పళ్లెంలో పడ్డ వత్తిలా. అది చూసి ఉలి పక్కన పెట్టేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. నేను వత్తిని గీయడం లేదు, ఆమె చేతి ఊపునే నా చెయ్యి చేస్తోంది. ఆ తర్వాత ఒళ్లోని దూదంతా అవే గీతలతో, దగ్గరదగ్గరగా, దిక్కు మారుస్తూ చెక్కాను. పెన్సిల్ అంత మెత్తగా రాలేదు. కానీ దూది పోగుపోగుగా కదులుతున్నట్టు వచ్చింది.

నల్లటి నేల మీద తెల్లగీత బలం తెలియాలంటే బెంగాలీ చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ లినో అచ్చు చూడాలి. దండి నడక, చేతిలో కర్ర, చుట్టూ నలుపు, కొద్దిపాటి గీతల్లో ఒళ్లూ బట్టా. బెంగాల్ కరువుని గీసిన చిత్తప్రసాద్ లినోలు కూడా చూడండి, ఆకలితో ఉన్నవాళ్ల ఎముకలు ఉలిగీతల్లోనే తెలుస్తాయి.

అచ్చు తీయడానికి ప్రెస్సు లేదని వెనకాడక్కర్లేదు. గాజుపలక మీద ఆయిల్ ఇంకు కాస్త వేసి రోలర్‌తో పరచాలి. సరిగ్గా పరుచుకుంటే సన్నగా చిటపట చప్పుడు వస్తుంది, జారుతూ తడిగా చప్పుడైతే ఎక్కువైనట్టే. నా మొదటి అచ్చులో ఇంకు ఎక్కువై సన్నగీతలన్నీ పూడుకుపోయి దూది మాయమైంది. కాగితం పరిచి వెనక నుంచి గరిటె వీపుతో గుండ్రంగా రుద్దుతూ, ఓ మూల ఎత్తి చూసుకుంటూ పోవాలి. ఆరబెట్టడానికి బట్టల తీగ, క్లిప్పులు. చేతులకీ గాజుకీ ముందు వంటనూనె రాసి తుడిచి, తర్వాత సబ్బు పెడితే కిరసనాయిలు కంపు లేకుండా పోతుంది.

ఆరిన మొదటి మంచి అచ్చు చూపిస్తే నానమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇదేంటే అమ్మాయ్, దేవుడి వత్తులు ఎడంచేత్తో చేస్తానా నేను?"

అచ్చులో కుడి ఎడమవుతుందని నాకు తెలుసు, పాఠంలో చదువుకున్నాను. కానీ నా బొమ్మలో అది తప్పు అవుతుందని ఆమె అనేదాకా తట్టలేదు. పెడన మా ఊరికి పక్కనే. అక్కడ కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కేవాళ్లు రోజూ చేసే పనే ఇది, గుడ్డ మీద కుడివైపు తిరగాల్సిన లత అచ్చు మీద ఎడమవైపు తిరగాలి. నేను ట్రేసింగ్ కాగితాన్ని తిరగేసి, కార్బన్ పెట్టి కొత్త ముక్క మీదికి దించి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కోత బొమ్మలో కుదిరిన కొంగుని కూడా తెచ్చుకున్నాను.

లోహపు ప్లేటు మీద గీతల్ని యాసిడ్‌తో తినిపించి అచ్చు తీసే ఎచింగ్ మాటేమిటని కొందరు అడుగుతారు. ఎచింగుల్లో పేరున్న మన తెలుగు చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారి గీత చూసినవాళ్లెవరికైనా ఆ కోరిక పుడుతుంది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి గారు ప్యారిస్‌లో ఒకే ప్లేటు మీద పల్చటి ఇంకులూ చిక్కటి ఇంకులూ, మెత్తటి రోలర్లూ గట్టి రోలర్లూ వాడి, రంగులన్నీ ఒక్క తీతలో రాబట్టే పద్ధతిని తీర్చిదిద్దినవాళ్లలో ఒకరు. కానీ దానికి యాసిడ్ కావాలి, గాలి ఆడే గది కావాలి, బరువైన ప్రెస్సు కావాలి. కాలేజీ స్టూడియోలో చేయండి, గదిలో వద్దు.

నన్నడిగితే, ఈ ఏడాది ఒక్కటే నేర్చుకోగలిగితే లినోకే నా ఓటు. పెన్సిల్ ఎలాగూ రోజూ చేతిలో ఉండాలి, అది అన్నం లాంటిది, దాన్ని పోటీకి పెట్టడం న్యాయం కాదు. దూదిపోగులా సున్నితంగా ఉన్నదాన్ని చూపించాలంటే అదే దిక్కు. చేతిలో డబ్బు బొత్తిగా లేకపోతే నల్లకాగితం, బ్లేడు తీసుకోండి, లినోకి పనికొచ్చే ఆలోచన అంతా అక్కడే అలవాటవుతుంది. లినోలో ఇంకో లాభం ఉంది. పెన్సిల్ బొమ్మ ఒక్కటే ఉంది, దాన్ని కాలేజీలో ఇచ్చేశాను. కోత బొమ్మ పెళుసు, బస్సులో వస్తుంటే కొంగు దగ్గర చిరిగింది. లినో ముక్క మాత్రం ఇంకా ఇంట్లో ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు అచ్చు తీయొచ్చు.

రెండో ముక్క నుంచి 12 అచ్చులు తీశాను. కింద పెన్సిల్‌తో ఎడమవైపు 1/12, 2/12 అని అంకె, కుడివైపు సంతకం. నానమ్మ తన వత్తుల లెక్క ఆపి, ఒక్కోటి చేతిలోకి తీసుకుని వేళ్ల దగ్గరే చూసింది. కుడిచెయ్యి కుడిచెయ్యిగానే ఉంది. ఏడో నంబరుది ఏరుకుంది, అందులో ఇంకు ఓ మూల కొంచెం పల్చగా పడింది. ఇంకా మంచిది తీసుకోమన్నా వినలేదు. నాలుగువైపులా కత్తిరించి వత్తుల డబ్బా మూత లోపల మైదా జిగురుతో అంటించుకుంది.