విలియమ్స్ స్ట్రీట్ కార్టూన్లు: చేతిలో డబ్బు లేని రోజుల్లోనే బాగా నవ్వించారు

ముందే చెప్పేస్తున్నా, ఇవి పిల్లలతో కూర్చుని చూసే కార్టూన్లు కావు. బొమ్మలే కదా అని టీవీలో పెట్టేసి పక్క గదిలోకి వెళ్ళిపోకండి. బూతులుంటాయి, రక్తం ఉంటుంది, చాలాచోట్ల కథే ఉండదు. పెద్దవాళ్ళకి కూడా మొదటి రెండు మూడు ఎపిసోడ్లకి "ఏంటిది, ఇంతేనా" అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కానీ ఇప్పుడు ఎవరైనా అడిగితే, టీవీలో హాస్యం టైమింగ్ అంటే ఏంటో నాకు నేర్పింది ఈ స్టూడియోనే అని మొహమాటం లేకుండా చెప్తాను.

రిక్ అండ్ మోర్టీ కార్టూన్ పుణ్యమా అని, రాత్రుళ్ళు పెద్దవాళ్ళ కోసం ఇలాంటి షోలు వేసే అమెరికా టీవీ బ్లాక్ అడల్ట్ స్విమ్ పేరు చాలామంది విన్నారు. దాని వెనక ఉన్న స్టూడియో పేరు మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అదే విలియమ్స్ స్ట్రీట్. అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో ఆ పేరున్న వీధిలోనే వాళ్ళ ఆఫీసు, స్టూడియోకీ వీధి పేరే పెట్టేసుకున్నారు. అంతకు ముందు పేరు ఘోస్ట్ ప్లానెట్ ఇండస్ట్రీస్. గత కొన్ని నెలలుగా, ఖాళీ దొరికిన రాత్రల్లా వాళ్ళు తీసినవాటిని 1994 నుంచి మొదలుపెట్టి వరసగా చూస్తూ వచ్చాను. అన్నీ చూశానని చెప్పను, అది ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే ఈ రివ్యూ ఏదో ఒక్క షోకి కాదు, మొత్తం స్టూడియోకి.

మొదటి షో కథ తెలిస్తే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. 1991లో టర్నర్ అనే టీవీ కంపెనీ హన్నా-బార్బెరా అనే పాత కార్టూన్ స్టూడియోని కొనేసింది. ఆ పాత కార్టూన్ల నిధితోనే 1992 అక్టోబర్ 1న కార్టూన్ నెట్‌వర్క్ మొదలైంది. పాత సరుకు బీరువాల నిండా ఉంది, కొత్తవి తీయడానికి మాత్రం డబ్బు లేదు. అక్కడే పనిచేస్తున్న మైక్ లాజో, కీత్ క్రాఫర్డ్‌లతో కలిసి కొంతమంది, కొత్తగా బొమ్మలు గీయించే స్తోమత లేకపోతే పాతవాటినే వాడదాం అనుకున్నారు. 1966లో వచ్చిన స్పేస్ ఘోస్ట్ అనే సూపర్ హీరోని ఆ పాత సీన్లలోంచి కత్తిరించి, ఒక టేబుల్ వెనక కూర్చోబెట్టి, టాక్ షో యాంకర్‌ని చేసేశారు. అతని పాత శత్రువులైన మిడత మనిషి జోరాక్‌ని బ్యాండ్ నడపడానికి, లావా మనిషి మోల్టార్‌ని షో డైరెక్ట్ చేయడానికి పెట్టారు. ఇద్దరికీ అతనంటే అసహ్యం. గెస్టులు మాత్రం నిజం మనుషులు, వీడియోలో, పైనుంచి దిగే ఒక టీవీ తెర మీద కనిపిస్తారు. అదే 1994 ఏప్రిల్‌లో మొదలైన స్పేస్ ఘోస్ట్ కోస్ట్ టు కోస్ట్.

ఇందులో కిటుకంతా ఎడిటింగ్‌లోనే. గెస్టుని కూర్చోబెట్టి ఏవో ప్రశ్నలు అడిగి రికార్డ్ చేస్తారు. తర్వాత ఆ ప్రశ్నలు తీసేసి వేరే ప్రశ్నలు పెడతారు. పాపం ఆ గెస్టు ఒక విషయానికి చెప్పిన జవాబు ఇంకో విషయానికి అతుక్కుంటుంది. అది ఒక రకం నవ్వు. అంతకంటే నాకు నచ్చింది ఇంకోటి ఉంది. గెస్టు మాట ముగించాక స్పేస్ ఘోస్ట్ ఏమీ అనడు. సీన్ జోరాక్ మీదికి వెళుతుంది, వాడూ ఏమీ అనడు. మళ్ళీ గెస్టు మీదికి వస్తే, ఆ మనిషి ఎటో చూస్తూ చిన్నగా గొంతు సవరించుకుంటాడు. అది నిజం ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నల మధ్య దొరికిన ముక్క, మామూలుగా ఏ ఎడిటర్ అయినా పారేసే ముక్క. వీళ్ళు దాన్ని పారేయకుండా సరిగ్గా అవసరమైన చోట పెట్టారు. నాలుగు సెకన్లుంటుందేమో, నేను ఆ ఒక్క చోటే వెనక్కి తిప్పి నాలుగైదు సార్లు చూశాను.

ఫైర్ యాంట్ అని ఒక ఎపిసోడ్ ఉంది. తెర మీద గెస్టుగా కోనన్ ఓబ్రయన్ ఉన్నాడు, అమెరికాలో అంత పేరున్న యాంకర్. స్పేస్ ఘోస్ట్‌ని చీమ కుడుతుంది. ఇక అంతే, గెస్టుని అక్కడే వదిలేసి ఆ చీమ ఇల్లెక్కడుందో చూద్దామని దాని వెంట బయల్దేరతాడు. చీమ ఎంత నెమ్మదిగా వెళితే అతనూ అంత నెమ్మదిగా, నిమిషాలకి నిమిషాలు, మాటా పలుకూ లేకుండా. మొదటి నిమిషం నవ్వొస్తుంది, రెండో నిమిషంలో విసుగొస్తుంది, ఆ విసుగు దాటాక వచ్చే నవ్వు మాత్రం వేరు, పొట్ట పట్టుకుని నవ్వాను. బొమ్మ ఒకే నడక నడుస్తూనే ఉంటుంది. కొత్త డ్రాయింగ్ అక్కర్లేదు, డైలాగ్ అక్కర్లేదు, ఖర్చు లేదు. డబ్బు లేకపోవడమే వాళ్ళకి ఒక స్టైల్ నేర్పింది అని నేను అనేది ఇందుకే.

స్పేస్ ఘోస్ట్‌కి గొంతు ఇచ్చిన జార్జ్ లో 2025 మార్చిలో పోయారు. జోరాక్, మోల్టార్ ఇద్దరికీ గొంతు ఇచ్చి, ఆ షోకి యానిమేషన్ పని కూడా చేసిన క్లే మార్టిన్ క్రోకర్ 2016లోనే పోయారు. ఒకరితో ఒకరు పడని ముగ్గురి గొంతుల్లో రెండు ఒకే మనిషివని తెలిశాక నేను మళ్ళీ మొదటినుంచి విన్నాను. అయినా ఆ రెండూ ఒకరివే అని చెవి ఒప్పుకోదు.

2000 డిసెంబర్‌లో వీళ్ళు ఇంకో నాలుగు షోల మొదటి ఎపిసోడ్లని ఏ ప్రకటనా లేకుండా తెల్లవారుజామున కార్టూన్ నెట్‌వర్క్‌లో వేసేశారు. ఆ టైమ్‌లో టీవీ ముందున్నవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. 2001 సెప్టెంబర్ 2న వాటన్నిటికీ కలిపి అడల్ట్ స్విమ్ అనే రాత్రి బ్లాక్ మొదలైంది. అమెరికా స్విమ్మింగ్ పూల్స్‌లో పిల్లలందరినీ బయటికి రమ్మని, పెద్దవాళ్ళకే కాసేపు వదిలే టైమ్‌ని అలా అంటారు. మొదట్లో షోల మధ్య వేసిన చిన్న క్లిప్పుల్లో కూడా ముసలివాళ్ళు తాపీగా ఈత కొడుతూ ఉంటారు. తర్వాత వాటి చోట వచ్చిన నల్ల తెర మీద తెల్ల అక్షరాలు అభిమానులందరికీ తెలిసినవే. వాటిక్కూడా అదే పద్ధతి, ఒక వాక్యం, ఒక ఖాళీ, ఇంకో వాక్యం.

ఆ నాలుగింటిలో నా ఓటు సీల్యాబ్ 2021కి. ఇది అట్లాంటాలోనే ఉన్న 70/30 అనే చిన్న కంపెనీ వీళ్ళతో కలిసి చేసింది. ఆడమ్ రీడ్, మ్యాట్ థాంప్సన్ అని ఇద్దరు, కార్టూన్ నెట్‌వర్క్‌లో చిన్న ఉద్యోగాలు చేస్తున్నప్పుడు 1972 నాటి సీల్యాబ్ 2020 టేపు దొరికితే దానికి సొంత డైలాగులు రాసుకున్నారు. అప్పుడు ఛానల్ వద్దంది. ఉద్యోగాలు మానేసిన కొన్నేళ్ళకి మళ్ళీ అదే పట్టుకొస్తే ఈసారి తీసుకుంది. ఇందులో ఒక ఎపిసోడ్ మొత్తం కెప్టెన్ మర్ఫీ కూల్‌డ్రింక్ మెషీన్ కింద ఇరుక్కుని ఉంటాడు, అంతే కథ. ఇంకోటి ఫ్యూజ్‌బాక్స్. ల్యాబ్‌లో కరెంటు పోతుంది, బయటినుంచి ల్యాబ్ బొమ్మ ఒక్కటే కనిపిస్తూ ఉంటుంది, లోపలి గొంతులు మాత్రమే వింటాం. ఎపిసోడంతా ఒకే షాట్! రేడియో నాటకం వింటున్నట్టు కళ్ళు మూసుకుని కూడా చూడొచ్చు, నేను రెండోసారి అలాగే చూశాను. ఈ ఇద్దరే తర్వాత ఆర్చర్ అనే కార్టూన్ తీశారు, 2010 నుంచి 2023 దాకా 14 సీజన్లు నడిచింది. ఆర్చర్ నచ్చినవాళ్ళు సీల్యాబ్ చూడకపోతే మాత్రం నష్టమే.

హార్వీ బర్డ్‌మన్ కూడా పాత బొమ్మే, 1967 నాటి సూపర్ హీరోని లాయర్ చేశారు. ఇంకో పాత కార్టూన్‌లోని జెట్‌సన్స్ కుటుంబం భవిష్యత్తులోంచి వచ్చి, భూమిని పాడుచేశారని మన కాలం మీద కేసు వేయడం అనే ఐడియా ఇప్పుడు ఇంకా బాగా తగులుతుంది. కానీ వేగం ఎక్కువ, జోకు మీద జోకు పడుతూ ఉంటుంది, నాకు కాస్త ఊపిరాడలేదు. దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరైన మైఖేల్ ఊవెలీన్, 2019 చివర్లో లాజో రిటైరయ్యాక, అడల్ట్ స్విమ్‌కే ప్రెసిడెంట్ అయ్యారు.

ఆక్వా టీన్ హంగర్ ఫోర్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక మిల్క్‌షేక్ గ్లాసు, ఒక ఫ్రెంచ్ ఫ్రైస్ డబ్బా, ఒక మాంసం ముద్ద, ముగ్గురూ న్యూజెర్సీలో ఒక అద్దె ఇంట్లో ఉంటారు. పక్కింటి కార్ల్‌కి వీళ్ళంటే తలనొప్పి. మొదట్లో వీళ్ళు డిటెక్టివ్‌లు, కొన్ని ఎపిసోడ్లకే ఆ ఊసు వదిలేశారు. ఇది కొత్తగా గీసిన బొమ్మలే అయినా అలవాటు పోలేదు, నిలబడి మాట్లాడుకోవడమే ఎక్కువ. మాంసం ముద్దకీ కార్ల్‌కీ గొంతు ఇచ్చిన డేవ్ విల్లిస్, మ్యాట్ మాయెల్లారోతో కలిసి దీన్ని తయారుచేసినవాడే. మాంసం ముద్ద ఏదో అమాయకంగా అన్న తర్వాత కార్ల్ జవాబివ్వడానికి ముందు ఒక చిన్న నిట్టూర్పు ఉంటుంది, ఆ నిట్టూర్పు కోసమే నేను కొన్ని ఎపిసోడ్లు దాచుకుని చూస్తాను.

ఈ షో వల్లే స్టూడియోకి పెద్ద దెబ్బ కూడా తగిలింది. 2007 జనవరి 31న బోస్టన్‌లో, పబ్లిసిటీ కోసం పెట్టిన లైట్ల బోర్డుల్ని చూసి బాంబులేమో అనుకుని పోలీసులు రోడ్లు, వంతెనలు మూసేశారు. బోర్డు మీద ఉన్నది ఈ షోలో వేలు చూపించే చిన్న చంద్రలోక జీవి. టర్నర్, ఆ ప్రచారం చేసిన కంపెనీ కలిసి 20 లక్షల డాలర్లు కట్టాయి, కార్టూన్ నెట్‌వర్క్ హెడ్ జిమ్ శాంపుల్స్ రాజీనామా చేశారు. ఒక నగరాన్ని అంత భయపెట్టడం తప్పే, ఎంత అభిమానినైనా దాన్ని వెనకేసుకురాను.

ఆ తర్వాతి కాలం గురించి త్వరగా చెప్పేస్తాను. 2002లో ఫాక్స్ ఛానల్ ఆపేసిన ఫ్యామిలీ గై అనే కార్టూన్‌ని 2003 నుంచి వీళ్ళు రాత్రుళ్ళు తిప్పి తిప్పి వేయడం, డీవీడీలు విపరీతంగా అమ్ముడవడం, ఈ రెండూ కలిసి 2005లో ఫాక్స్ దాన్ని మళ్ళీ మొదలుపెట్టేలా చేశాయి. 2005లోనే రోబో చికెన్, ది బూన్‌డాక్స్ వచ్చాయి. బూన్‌డాక్స్‌లో అన్నదమ్ములిద్దరికీ రెజీనా కింగ్ ఒక్కరే గొంతు ఇచ్చారు, అది చూడకుండా ఉండొద్దు. 2013 డిసెంబర్‌లో రిక్ అండ్ మోర్టీ. అది బాగుంటుంది, కాదనను, రెండు ఎమ్మీ అవార్డులు ఊరికే రాలేదు. కానీ అందులో ఎవరూ నోరు మూయరు. డబ్బు వచ్చింది, గ్రహాలు, యుద్ధాలు, రంగులు వచ్చాయి, మాటల మధ్య ఉండే ఆ పాత ఖాళీ మాత్రం పోయింది. నేను ఒక సీజన్ చూసి మళ్ళీ స్పేస్ ఘోస్ట్‌కి వెళితే ఇంట్లో ఫ్యాన్ ఆగిపోయినట్టు నిశ్శబ్దంగా అనిపించింది.

ఆ ఖాళీ మళ్ళీ నాకు 2019లో వచ్చిన ప్రైమల్‌లో దొరికింది. జెండీ టార్టకోవ్‌స్కీ తీశాడు. ఆదిమానవుడు, ఆడ డైనోసార్, మొదటి సీజన్‌లో దాదాపు ఒక్క మాట కూడా లేదు. ఇది నవ్వుల షో కాదు, చాలా క్రూరంగా ఉంటుంది, ఖర్చు కూడా కనిపిస్తుంది. అయినా ఇద్దరూ వేట తర్వాత పక్కపక్కన కూర్చుని ఊపిరి పీల్చుకునే సీన్లలో అదే ధైర్యం ఉంది, ప్రేక్షకుడు ఛానల్ మార్చేస్తాడేమో అనే టెన్షన్ లేకపోవడం.

లోపాలు లేవని అనను. పాత షోల్లో రాసేవాళ్ళూ తీసేవాళ్ళూ దాదాపు అందరూ మగవాళ్ళే, అది తెర మీద తెలిసిపోతుంది. ఆడ పాత్రలకి మంచి డైలాగ్ పడేది అరుదు. 2016లో దీని మీద గట్టి విమర్శలే వచ్చాయి, రావాల్సినవే. కొన్ని జోకులు అప్పటికే బాగాలేవు, ఇప్పుడు అస్సలు బాగాలేవు. పదకొండు నిమిషాల ఎపిసోడ్ కూడా సాగదీసినట్టున్నవి ప్రతి షోలోనూ నాలుగైదు ఉంటాయి.

చూసే పద్ధతి గురించి ఒకటి చెప్పాలి. నేను వాడిన స్ట్రీమింగ్ సర్వీసులో సబ్‌టైటిల్స్ గొంతు కంటే ముందే పడిపోతున్నాయి. మూడు సెకన్ల మౌనం తర్వాత రావాల్సిన ఒక్క మాట మౌనం మొదట్లోనే కింద కనిపించేస్తే ఇంకేం మిగులుతుంది? మొదటి వారమంతా అలాగే చూసి, ఇందులో అంత నవ్వాల్సిందేముంది అనుకున్నాను. అవి ఆపేశాక అవే ఎపిసోడ్లు మళ్ళీ చూస్తే వేరే షో చూసినట్టుంది. యాస మొదట్లో కష్టమే, అలవాటవుతుంది. సబ్‌టైటిల్స్ ఆపండి, వీలైతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, రాత్రి చూడండి, ఒక్కసారికి రెండు ఎపిసోడ్లు మించొద్దు. సీల్యాబ్‌తో మొదలుపెట్టి ఆక్వా టీన్‌కి వెళ్ళి, ఆ తర్వాత స్పేస్ ఘోస్ట్ చూడండి, నేను చూసిన వరస కంటే ఇది సులువు. ఫైర్ యాంట్‌ని మాత్రం స్పేస్ ఘోస్ట్ ఓ పది ఎపిసోడ్లు అయ్యాకే పెట్టుకోండి, అంతకు ముందే చూస్తే ఆ చీమ వెంట నడిచే ఓపిక ఇంకా వచ్చి ఉండదు.